అప్‌డేట్: బొగ్గు, పుదీనా సబ్బు నెల రోజులు వాడాను

బెజవాడ ఎండలకు ముఖం జిడ్డు కారుతోంది, చేత్తో చేసిన బొగ్గు, పుదీనా సబ్బు వాడొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. వాడాను.

నురగ నల్లగా వస్తుందనుకున్నా, లేత బూడిద రంగులో వచ్చింది. బీసెంట్ రోడ్డు తిరిగొచ్చి కడుక్కుంటే ముక్కు పక్కల జిడ్డంతా పోయి, ఆ చల్లదనానికి ప్రాణం లేచొచ్చింది. కానీ రోజుకు మూడుసార్లు రుద్దడం నా తప్పే. వారానికల్లా బుగ్గలు బిగుసుకుపోయి పొట్టు లేచింది. ఇలాంటి సబ్బుల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, అంకె పెరిగితే క్షారం ఎక్కువని) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల, అందుకే ఎక్కువ రుద్దితే చర్మం పొడిబారుతుంది. ఇప్పుడు రాత్రి ఒక్కసారే, వెంటనే మాయిశ్చరైజర్. మొటిమలు మాత్రం తగ్గలేదు, వాటికి డాక్టర్‌కే చూపిస్తున్నా. నురగ కళ్లలో పడనివ్వకండి, పుదీనా నూనెకి బాగా మండుతాయి.