సమస్య: "తల్లి కడుపులోనె తల్లి యయ్యె"

ఈసారి ఆటవెలది. పాదం వింతగా ఉందని వదిలేయకండి. మొన్న బెండాకు అడుగున పేనుబంకను (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) భూతద్దంలో చూస్తుంటే తట్టింది. లేత పచ్చటి తల్లి పొట్టలోంచి పుట్టబోయే పిల్లల ఎర్రటి కంటిచుక్కలు కనిపించాయి. ఆ పిల్లల లోపల కూడా అప్పటికే పిండాలు మొదలై ఉంటాయి!

పూరణ 1
చిక్కుడాకు కింద చేరిన పేనుబం
కకు మగండు లేడు కానుపునకు
బిడ్డలోన బిడ్డ పెరుగుచు నుండగ
తల్లి కడుపులోనె తల్లి యయ్యె

విమర్శ: మూడో పాదం చదివి చాలా సంతోషమేసింది. యతులన్నీ కుదిరాయి. 1740లో జెనీవాలో బొనె అనే కుర్రాడు ఒకే ఒక్క పేనుబంకను వేరుగా పెంచితే, మగది లేకుండానే 95 పిల్లల్ని పెట్టింది. ఒక్క మాట: చలిదేశాల్లో శీతాకాలం ముందు మగవి కూడా పుడతాయి, అప్పుడు ఆడవి గుడ్లు పెడతాయి.

పూరణ 2
ద్రాక్ష వేరు పట్టి ద్రావెడు పేనుకు
ఫ్రాన్సు తోట లెల్ల పాడువడియె
మగని యూసు లేదు మగువకు దానికి
తల్లి కడుపులోనె తల్లి యయ్యె

విమర్శ: పద్యం నడక హాయిగా ఉంది అన్నయ్యా, కానీ పురుగు మారిపోయింది. 1868లో ఫ్రెంచి శాస్త్రవేత్త ప్లాంషోన్ బృందం ద్రాక్షవేళ్ల మీద పట్టుకున్నది ఫిలాక్సెరా. దానిది ఫిలాక్సెరిడే కుటుంబం. మన పేనుబంకది అఫిడిడే. ఫిలాక్సెరాలో ఆడది ఎప్పుడూ గుడ్డే పెడుతుంది. దేవదారు జాతి చెట్ల మీద ఉండే అడెల్జిడ్‌ అనే పురుగులూ అంతే. మగడు లేకపోవడం నిజమే, కానీ "కడుపులోనె" అన్నది అఫిడిడే ఒక్కదానికే సరిపోతుంది. వర్గీకరణలో వీటిని విడదీసే ముఖ్యమైన గుర్తుల్లో ఇదొకటి.

పూరణ 3
వెనుక రెండు గొట్టములు గల దేహాన
రొమ్ము చెంత సూది రూపు మెరయ
పేనుబంక గుడ్డు పెట్టదు వేసవిన్
తల్లి కడుపులోనె తల్లి యయ్యె

విమర్శ: మొదటి పాదంలో యతి తప్పింది, "వె"కి "ము" చెల్లదు. "వెన్ను చివర జంట వేణువు లుండగ" అంటే సరిపోతుంది. రెండో పాదం మాత్రం అచ్చంగా శాస్త్రమే. ముక్కు ముందుకాళ్ల మధ్య నుంచి వచ్చినట్టు ఉండేవాటిని స్టెర్నోరింకా అంటారు. తెల్లదోమ, పిండినల్లి, లక్కపురుగు అన్నీ అందులోవే. పచ్చదోమ ముక్కు తల కిందనుంచే వస్తుంది, అందుకే దానిది వేరే శాఖ. రెండు శాఖలూ హెమిప్టెరా అనే పెద్ద కీటక వర్గం గొడుగు కిందివే. తలలో పేను ఈ గొడుగు కిందికే రాదు, తెల్లదోమకి దోమతో చుట్టరికం లేదు. పేర్లు మన పొలాల్లో పుట్టాయి, చూపుకి దొరికిన పోలికతో.

ప్రశ్న: పిండినల్లితో పూరించవచ్చా అండీ?

జవాబు: పిండినల్లిలో చాలావాటికి రెక్కలున్న మగది ఉంది. ఈ పాదానికి పొసగదు. పేనుబంకతోనే ఇంకోటి రాయండి, అది వదిలే తియ్యటి బంక కోసం చీమలు దానికి కాపలా కాసే సంగతి ఇంకా ఎవరూ తాకలేదు.