సముద్రం వైపు హాలుకి ఫ్రెంచ్ డోరా, స్లైడింగా? నాన్నగారు టేకు అంటున్నారు

లలిత_విశాఖ
విశాఖలో సాగర్‌నగర్ దగ్గర ఇల్లు కడుతున్నాం, గ్రౌండ్ ఫ్లోర్. హాల్లోంచి తూర్పు వరండాలోకి వెళ్ళడానికి 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వదిలారు. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. నాకు మధ్యలో విడిపోయి రెండు రెక్కలుగా తెరుచుకునే గాజు తలుపు, అదే ఫ్రెంచ్ డోర్, పెట్టాలని ఉంది. తలుపులు చేసే షాపు ఆయన "సముద్రం పక్కన గాలికి రెక్కలు కొట్టుకుంటాయమ్మా, స్లైడింగే పెట్టించుకోండి" అంటున్నారు. నాన్నగారేమో అసలు గాజే వద్దు, టేకు తలుపులు చేయిద్దాం అంటున్నారు. వరండా లోతు 5 అడుగులే. దోమలు బాగా ఎక్కువ. ఫ్లోరింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. ఇలాంటి చోట ఉంటున్నవాళ్ళు, ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి_వాసి
నా ఓటు స్లైడింగ్‌కే. 6 అడుగుల ఫ్రెంచ్ డోర్ అంటే ఒక్కో రెక్క దాదాపు 3 అడుగులు. మీ వరండాయే 5 అడుగులు. రెక్కలు బయటికి తెరిస్తే మనిషి నడవడానికి 2 అడుగులు మిగులుతుంది, కుర్చీ వేసుకునే వీలు ఉండదు. లోపలికి తెరిస్తే హాల్లో సోఫా, కర్టెన్లు అన్నీ అడ్డమే. స్లైడింగ్ అయితే మూడో ట్రాక్‌లో మెష్ పెట్టించుకుని మర్చిపోవచ్చు. సాయంత్రం మెష్ ఒక్కటీ లాగేస్తే గాలి వస్తుంది, దోమ రాదు. ఇంట్లో రోజూ వాడే తలుపు ఎలా ఉంటే సుఖమో అది చూడండి. ఫోటోలో అందం చూసి తీసుకునే నిర్ణయం కాదిది.

గాజువాక_యూపీవీసీ
లలిత గారూ, నేను యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపుల్లో రెండు రకాలూ బిగిస్తాను కాబట్టి ఏది అమ్ముడైనా నాకు ఒకటే. మీ చోటుకి ఫ్రెంచ్ డోరే మేలు అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

స్లైడింగ్ తలుపు ట్రాక్ మీద జారాలి కాబట్టి దాని అంచులకి బిగుతుగా రబ్బరు పెట్టలేం. అందుకే మామూలు స్లైడింగ్‌కి బ్రష్ లాంటి పట్టీ ఉంటుంది. వానజల్లు ఎదురుగా కొడితే అందులోంచి నీరు, ఉప్పుగాలి, ఇసుక వస్తాయి. కింద ట్రాక్‌లో ఇసుక చేరి చక్రాలు అరిగిపోతాయి. ఫ్రెంచ్ డోర్‌లో రెక్కని ఫ్రేమ్‌కి అదిమి లాక్ చేస్తాం, మధ్యలో రబ్బరు నలుగుతుంది. ఆ బిగుతు వేరు.

రెండోది గాలి. రెండు పలకల స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం ఇళ్ళ కోసం 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' లెక్కలో రెక్కల తలుపుకి 90 శాతం, రెండు పలకల స్లైడింగ్‌కి 50 శాతం తెరుచుకునే భాగంగా తీసుకుంటారు. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళకి ఇంటి నేల వైశాల్యంలో దాదాపు ఆరో వంతు గాలి వచ్చే ఖాళీ ఉండాలని కూడా అందులోనే ఉంది. ఏసీ వేయకుండా సముద్రపు గాలితో బతకాలంటే ఆ మిగతా సగం చాలా విలువైనది.

కూకట్‌పల్లి గారు అడిగిన చోటు విషయానికి జవాబు ఉంది, కానీ అది ఇప్పుడే చూసుకోవాలి. ఫ్రేమ్‌ని గోడ మందంలో మధ్యన పెడితే రెక్క 90 డిగ్రీల దగ్గర గోడ అంచుకి తగిలి ఆగిపోతుంది. వరండా వైపు గోడ అంచుకి సమంగా పెట్టి, దానికి తగ్గ బందులు వేస్తే రెక్కలు పూర్తిగా వెనక్కి తిరిగి గోడకి ఆనుకుంటాయి. అప్పుడు వరండాలో అడ్డం ఏమీ ఉండదు. అటూ ఇటూ 3 అడుగుల గోడ ఖాళీగా ఉండాలి, స్విచ్ బోర్డు గానీ కుళాయి గానీ అక్కడ పెట్టకూడదు. గోడకి కొక్కెం తప్పనిసరి. మీ షాపు ఆయన అన్నట్టు రెక్కలు కొట్టుకునేది ఆ కొక్కెం లేని ఇళ్ళలోనే.

రిటైర్డ్_ఏఈ
అందరూ గాలి రావడం గురించే మాట్లాడుతున్నారు. అది తుఫానుగా వచ్చినప్పటి సంగతి కూడా చూడాలి. కట్టడాల మీద గాలి భారం లెక్కకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి లెక్కలో తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. ఈ రెండు సంఖ్యలూ దగ్గరగా కనిపిస్తాయి గానీ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 50 మీటర్లకి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోలు పడుతుంది. మీ 6×7 అడుగుల తలుపు మొత్తం మీద 600 కిలోల దాకా తోపు. ఇంటి ఎత్తు, చుట్టుపక్కల అడ్డాలను బట్టి ఇది మారుతుంది, అయినా సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి తక్కువ అనుకోవద్దు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. గాజు ముఖాలున్న బిల్డింగుల గతి అందరం చూశాం. ఫ్రెంచ్ డోర్‌లో బలహీనమైన చోటు రెండు రెక్కలు కలిసే మధ్య గీత. అక్కడ నిలువు స్తంభం ఉండదు, పైనా కిందా గడియల మీదే మొత్తం భారం. నన్నడిగితే 6 అడుగులూ రెక్కలుగా చేయవద్దు. మధ్యలో 4 అడుగుల తలుపు, అటూ ఇటూ అడుగు చొప్పున కదలని గాజు పెట్టండి. రెక్క చిన్నదైతే బరువు తగ్గుతుంది, బందులు జారవు.

టాంపా_తెలుగు
ఏఈ గారి లెక్క సరైనదే. అయితే ఫ్రెంచ్ డోర్ తుఫానుకి పనికిరాదనే అర్థం వస్తే మాత్రం ఒప్పుకోలేను. మేముండే ఫ్లోరిడాలో సముద్రం పక్కన ఈ తలుపులు మామూలే, ఎక్కువగా బయటికి తెరుచుకునేవే పెడతారు. గాలి తోసిన కొద్దీ రెక్క ఫ్రేమ్‌కి ఇంకా బిగుసుకుంటుంది. లోపలికి తెరుచుకునే దాన్ని అదే గాలి తెరవడానికి చూస్తుంది.

1992లో ఆండ్రూ తుఫాను వచ్చి వెళ్ళాక ఇక్కడ నిబంధనలు మారాయి. దాదాపు 4 కిలోల చెక్క దుంగని గంటకి 55 కిలోమీటర్ల వేగంతో గాజు మీదికి కొట్టి పరీక్షిస్తారు. గాజు పగిలినా ఫ్రేమ్ వదలకూడదు, తర్వాత గాలి ఒత్తిడికీ ఆగాలి. ఆ పరీక్షకి తట్టుకునేది లామినేటెడ్ గాజు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. మన ఊళ్ళలో టఫెన్డ్ అని ఒక్క మాట చెప్పి అమ్మేస్తుంటారు. టఫెన్డ్ మామూలు గాజు కంటే బలమైనదే, మనిషికి పెద్ద గాయాలు కావు, కానీ పగిలిందంటే మొత్తం చిన్న ముక్కలై రాలిపోతుంది. తుఫాను మధ్యలో 6 అడుగుల కంత పడితే గాలి ఇంట్లోకి దూరి పైకప్పుని లేపుతుంది. మీది స్లాబు కాబట్టి అంత ప్రమాదం లేకపోయినా ఇల్లంతా తడిసిపోతుంది. టఫెన్డ్ పలకలతోనే చేసిన లామినేటెడ్ అడగండి. దొంగలకీ అదే మందు, పగలగొట్టినా చెయ్యి దూరదు.

రిటైర్డ్_ఏఈ
బయటికి తెరిస్తే బిగుసుకుంటుందన్నది సగమే నిజం. హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే పోయింది. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. అప్పుడు తూర్పు తలుపుని గాలి బయటికి పీలుస్తుంది. కాబట్టి రెండు వైపులా ఆపాల్సింది లాకే. లామినేటెడ్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

చేవ_చెక్క (పాలకొల్లు)
నాన్నగారి మాటని ఎవరూ పట్టించుకోలేదు, అందుకని నేను రాస్తున్నాను. మాది వడ్రంగం చేసే కుటుంబం. చేవ (చెట్టు లోపలి ముదురు చెక్క) ఉన్న టేకులో సహజంగా నూనె ఉంటుంది, చెదలు ముట్టవు. సముద్రపు తేమకి కొంచెం ఉబ్బుతుంది, నిజమే. చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. ఒక బందు ఊడితే ఊళ్ళో ఏ వడ్రంగి అయినా బాగుచేస్తాడు. యూపీవీసీ తలుపులో లాక్ పోతే అదే కంపెనీ అదే మోడల్ దొరకాలి. పదేళ్ళ తర్వాత ఆ కంపెనీ ఉంటుందని ఎవరు చెప్పగలరు? టేకు పేరుతో చేవ లేని తెల్ల చెక్క కలిపి ఇస్తున్నారు, అక్కడే మోసమంతా. కోసిన కట్టెని పాలిష్ వేయకముందే చూడండి. తెల్లగా ఉన్న అంచు కనిపిస్తే ఆ ముక్క తీసి పక్కన పెట్టించండి.

ఇంకో మాట. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ కాలపు ఇళ్ళు చూడండి. పొడవాటి రెండు రెక్కల తలుపులకి చెక్క లూవర్ (సందులతో వరసగా ఏటవాలు పలకలు) రెక్కలు ఉంటాయి. ఎండకి అవి మూసుకుంటే గాలి వస్తుంది, వెలుగు తగ్గుతుంది. సముద్రం పక్కన వాన, ఎండ, ఉప్పు అన్నీ తెలిసి కట్టిన పద్ధతి అది. గాజు తలుపు లోపల, టేకు లూవర్ తలుపు బయట పెడితే నాన్నగారి మాటా మీ మాటా రెండూ నిలుస్తాయి. ఖర్చు ఎక్కువే, నేను దాచను.

గాజువాక_యూపీవీసీ
చేవ చెక్క అన్నయ్యా, రిపేరు విషయంలో మీరన్నది న్యాయమైన మాట. అందుకే లాక్, బందులు బజారులో విడిగా దొరికే కంపెనీవి వేయమని అడగాలి. టేకు వద్దని నేను అనను. కానీ సముద్రం ఎదురుగా తూర్పు ఎండ, ఉప్పు తగిలే టేకుకి ఒకటి రెండేళ్ళకోసారి పూత వేయాలి. అది చేయించే ఓపిక ఉన్నవాళ్ళకే టేకు. మా కస్టమర్లలో చాలామంది మొదటిసారి వేయించి వదిలేస్తారు, చెక్క నల్లబడి కీళ్ళు వదులైపోతాయి.

యూపీవీసీలోనూ ఆదా చేయడానికి వాడే దారులు ఉన్నాయి, చెప్తాను. కిటికీ సెక్షన్‌తో తలుపు చేసేస్తారు. రెక్కల లోపల గాల్వనైజ్డ్ ఉక్కు పట్టీ పెట్టరు, లేదా మూలల దాకా రాకుండా ముక్కలు వేస్తారు. ఏడాదికి రెక్క ముక్కు కిందికి దిగి నేలకి రాసుకుంటుంది. ఇంకొకటి గాజు చుట్టూ పెట్టే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు. బందు వైపు కింది మూల నుంచి లాక్ వైపు పై మూలకి ఐమూలగా గాజుని బిగించి బిళ్ళలు వేయాలి. అప్పుడు గాజు బరువే రెక్కని ఎత్తి పట్టుకుంటుంది. ఈ పని చేయని తలుపు ఎంత ఖరీదైనా జారుతుంది. బిగించే రోజు దగ్గరుండి చూడండి. మూలలకి రబ్బరు వెల్డింగ్ చేశారో లేదో కూడా చూడండి.

స్క్రూలు, బందుల విషయంలో స్టెయిన్‌లెస్ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. 304 గ్రేడు సముద్రం పక్కన గోధుమరంగు మరకలు పడుతుంది. 316 అడగండి, అందులో మాలిబ్డినమ్ ఉంటుంది కాబట్టి ఉప్పుకి తట్టుకుంటుంది. అల్యూమినియం తలుపు కంటే మీకు యూపీవీసీ మేలని చెప్పడానికి కారణం కూడా ఉప్పే. పౌడర్ కోటింగ్ మీద గీత పడితే ఉప్పు వల్ల వచ్చే తుప్పు దాని కింద పాకుతూ పోతుంది.

కూకట్‌పల్లి_వాసి
ఇంత చెప్పారు, దోమల సంగతి ఎవరూ తేల్చలేదు. బయటికి తెరుచుకునే తలుపుకి మెష్ లోపలే పెట్టాలి. చుట్టలా చుట్టుకునే మెష్ 6 అడుగులకి ఎంతకాలం నిలుస్తుంది? పిల్లలు, పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో అది చిరిగిపోయేదే. రెండు తలుపులు తీసి వేసి విసుగొచ్చి చివరికి ఫ్రెంచ్ డోర్ ఎప్పుడూ మూసే ఉంచుతారు. అప్పుడు మీరన్న 90 శాతం గాలి లెక్క కాగితం మీదే ఉంటుంది. అందుకే నేను స్లైడింగ్‌నే సమర్థిస్తున్నాను.

గాజువాక_యూపీవీసీ
ఈ అభ్యంతరం నిజమైనది. చుట్టుకునే మెష్ అంత వెడల్పుకి వద్దు. మడతలు పడి పక్కకి జరిగే మెష్ రెండు వైపుల నుంచి మధ్యలోకి వచ్చేది పెట్టొచ్చు, లేదా లోపల బలమైన ఫ్రేమ్‌తో మెష్ తలుపులు. ఏఈ గారు చెప్పినట్టు 4 అడుగులకి తగ్గిస్తే రెక్కలు, మెష్ రెండూ తేలికవుతాయి. నాకు ఆ సూచన నచ్చింది. సముద్రం 6 అడుగుల మేరా కనిపిస్తుంది, తెరుచుకునేది 4 అడుగులు.

లలిత_విశాఖ
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి చదివి వినిపించాను. 4 అడుగుల ఫ్రెంచ్ డోర్, పక్కల కదలని గాజు, లామినేటెడ్ అనే దానికి ఒప్పుకున్నారు. బయట టేకు లూవర్లు ఆయన సొంత ఖర్చుతో చేయిస్తానంటున్నారు, పాలకొల్లు బాబాయ్‌గారి మాట బాగా పనిచేసింది. ఒక్క సందేహం. గడప లేకుండా హాలు, వరండా ఒకే మట్టంలో కావాలని ఉంది, అమ్మకి మోకాళ్ళ నొప్పి. అది కుదురుతుందా?

రిటైర్డ్_ఏఈ
ఒకే మట్టం వద్దమ్మా, ఈశాన్య రుతుపవనాల్లో ఏటవాలుగా వచ్చే వాన వరండాలోకి కొడుతుంది. హాలు నేల కంటే వరండా టైల్ పైభాగం కనీసం 2 అంగుళాలు కిందికి ఉండాలి, బయటికి వాలు ఉండాలి. అమ్మగారి కోసం తలుపు గడప పట్టీ తక్కువ ఎత్తుది పెట్టించి, వరండా వైపు ఆ 2 అంగుళాలకి చిన్న వాలు దిమ్మె కట్టించండి, పక్కన చేత్తో పట్టుకోవడానికి ఒక రాడ్. దిమ్మె తలుపుని తాకకుండా మధ్యలో సన్న కాలువ వదలమనండి, లేకపోతే వాన నీరు తలుపు దగ్గరే నిలుస్తుంది. ఫ్రేమ్ కింద బయటివైపు నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. మేస్త్రి సిమెంటుతోనో సిలికాన్‌తోనో వాటిని మూసేస్తాడు, దాదాపు అందరూ మూసేస్తారు. ఫ్రేమ్ బిగించాక ఒక బకెట్ నీళ్ళు ఫ్రేమ్ కింది గాడిలో పోసి బయటికి పోతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే టైల్స్ వేయించండి.