వేగాస్ క్యాసినో హోటల్లో కుక్కతో దిగినవాళ్ళున్నారా? (మాది 62 పౌండ్లు)

చిట్టిగాడి_నాన్న
డిసెంబర్ చివర్లో ఇర్వైన్ నుంచి వేగాస్‌కి కార్లో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, విశాఖ నుంచి వచ్చిన అమ్మానాన్న, చిట్టి. చిట్టి మా ల్యాబ్రడార్ కుక్క, నాలుగేళ్ళు, పోయిన నెల వెట్ దగ్గర తూస్తే 62 పౌండ్లు. చాలా హోటళ్ళలో 50 దాటకూడదని రాసుంది. నిజంగా తూస్తారా? రెండోది, సాయంత్రం షోకి వెళ్తే దాన్ని గదిలో వదిలెయ్యొచ్చా? మూడోది, అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు, స్ట్రిప్ (క్యాసినో హోటళ్ళన్నీ ఉండే ఆ పెద్ద రోడ్డు) మీద ఆవిడకి ఏం పెట్టాలి? నాలుగోది, పెట్ ఫీజు మొత్తానికి ఒకసారేనా, రాత్రికింతా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అరిజోనా_అల్లుడు
నాలుగోది నేను చెప్తా, ఆ దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. రాత్రికింత. కొన్నిచోట్ల కుక్కకింత, రాత్రికింత. మావి రెండు పగ్‌లు, మూడు రాత్రులు, లెక్క మీరే వేసుకోండి. గది అద్దె కంటే దాని చుట్టూ తగిలించినవే ఎక్కువయ్యాయి: రిసార్ట్ ఫీజు (అద్దె మీద హోటల్ వాళ్ళు తప్పనిసరిగా వేసేది), పార్కింగ్, గది టాక్స్ 13 శాతం పైచిలుకు. రిసార్ట్ ఫీజుని ముందే ధరలో కలిపి చూపించాలని 2025 మేలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల తరఫున చూసే కేంద్ర సంస్థ) రూల్ వచ్చింది, బాగానే ఉంది. కుక్క ఫీజు మాత్రం అందులోకి రాదు, కుక్కని తేవడం మన సరదా కదా మరి. ఇంటికొచ్చిన వారానికి కార్డు మీద ఇంకో కోత పడింది, "డీప్ క్లీనింగ్" అట. సోఫా మీద బొచ్చు దొరికిందట. పగ్ అన్నాక బొచ్చు రాలదా బాబూ! హోటల్ పేరు చెప్పను, అక్కడ నాకింకా పాయింట్లున్నాయి.

శునకశాస్త్రి
14 ఏళ్ళుగా కుక్కలకి ట్రైనింగ్ ఇస్తున్నాను, 3 రాష్ట్రాల్లో. ప్రశ్నే తప్పుగా అడిగారు. బరువు సమస్య కాదు. అది ఎక్కడ పోస్తుందన్నదే సమస్య. మీ గది 28వ అంతస్తులో ఇస్తారు. రాత్రి రెండింటికి చిట్టి తలుపు గీకుతుంది. మీరు చెప్పులేసుకుని, లిఫ్టు కోసం నిలబడి, కిందికి దిగి, స్లాట్ మెషీన్ల మధ్య నుంచి దాన్ని లాక్కుంటూ పావు మైలు నడిస్తే అప్పుడు వస్తుంది వాళ్ళు పెట్టిన జాగా. అది కూడా ప్లాస్టిక్ గడ్డి. ఇంటి పెరట్లో నిజం గడ్డికి అలవాటుపడ్డ కుక్క దాని మీద చచ్చినా పొయ్యదు. మూడు చుట్లు తిరిగి మీ మొహంలోకి చూస్తుంది. కాబట్టి హోమ్ డిపోలో గడ్డి పలక ఒకటి కొని ట్రేలో పెట్టి వెంట తీసుకెళ్ళండి. ఇప్పటినుంచే దాని మీద అలవాటు చెయ్యండి. నా క్లయింట్లందరికీ ఇదే చెప్తాను.

హెండర్సన్_హరిత
నేనుండేది ఇక్కడే, తొమ్మిదేళ్ళు. శాస్త్రిగారూ, గడ్డి సంగతి సరే, అసలు రూల్ ఎవరూ చెప్పట్లేదేంటి? స్ట్రిప్ ఫుట్‌పాత్ మీద పెంపుడు కుక్కల్ని ఉదయం 5 నుంచి మధ్యాహ్నం 12 దాకే తిప్పనిస్తారు. క్లార్క్ కౌంటీ రూలు. సాయంత్రం లైట్లు వెలిగాక కుక్కతో ఫోటో దిగుదామనుకుని వచ్చేవాళ్ళే అందరూ. అందుకే నా దగ్గరికొచ్చే చుట్టాలకి వడారా హోటల్ చెప్తుంటాను. అందులో క్యాసినో లేదు, పొగ లేదు, కుక్కలకి విడిగా చిన్న పార్కుంది. సీజర్స్ వాళ్ళ హోటళ్ళలో 50 పౌండ్ల లోపు కుక్కలు రెండింటిదాకా ఒప్పుకుంటారు. 62కి మాత్రం ఫోన్ చేసి ముందే అడగడం మంచిది, అక్కడికొచ్చాక వాదన పెట్టుకోవద్దు.

గదిలో వదలడం గురించి: డు నాట్ డిస్టర్బ్ బోర్డు తగిలించాం కదా, ఎవరూ రారు అనుకోకండి. 2017 అక్టోబర్ 1న ఒకడు హోటల్ గదిలోంచి జనం మీద కాల్పులు జరిపిన తర్వాత ఇక్కడ చాలా హోటళ్ళు పద్ధతి మార్చాయి. బోర్డున్నా సరే కొంత టైమ్ దాటితే లోపలికొచ్చి చూస్తారు. తలుపు తీయగానే 62 పౌండ్ల ల్యాబ్ ఎదురుపడితే ఆ మనిషి పరిస్థితి ఆలోచించండి. క్రేట్ (కుక్కని ఉంచే బోను) తప్పనిసరి.

గేమ్_ఆన్_గోపి
ఇంత పురాణం ఎందుకు బ్రో. ఆన్‌లైన్లో కుక్కకి తొడిగే ఎర్ర వెస్ట్ ఒకటి కొను, 25 డాలర్లు. "సర్వీస్ డాగ్" అని రాసుంటది. బరువు లిమిట్ లేదు, ఫీజు లేదు, పన్నెండు అయిదు రూల్ లేదు. కాగితం అడిగే హక్కు వాళ్ళకి లేదు. మా హస్కీ పోకర్ టేబుల్ పక్కన పడుకుంది రెండు గంటలు. ఎవ్వడూ కిక్కురుమనలేదు.

అరిజోనా_అల్లుడు
25 డాలర్లేనా?? లింక్ ఉందా?

ప్లేనో_పద్మజ
లింక్ పెట్టకండి దయచేసి. మా అమ్మాయికి ఎపిలెప్సీ. తనకో సర్వీస్ డాగ్ ఉంది, పేరు తార. దాని ట్రైనింగ్‌కి రెండేళ్ళు పట్టింది, ఖర్చు చెప్తే మీకు నిద్ర పట్టదు. పోయినేడాది ఒక పెద్ద హోటల్ లాబీలో, పేరెందుకు, ఇలా ఎర్ర వెస్ట్ వేసుకున్న కుక్కొకటి తార మీదికి దూకింది. చెవి చిరిగింది. ఆ తర్వాత మూడు నెలలు తార ఏ కుక్కని చూసినా వణికిపోయేది. ఆ మూడు నెలలూ రాత్రిళ్ళు అమ్మాయి పక్కన నేను మేలుకుని కూర్చున్నాను, తార చెయ్యాల్సిన పని నేను చేశాను. ఆ కుక్క యజమాని ఏమన్నాడో తెలుసా? "మావాడు ఆడుకుందామని వచ్చాడంతే."

గేమ్_ఆన్_గోపి
సారీ అక్కా, కానీ నా హస్కీ ఎవరి మీదికీ దూకలేదు కదా. ఎవడో చేసినదానికి నన్నంటే ఎలా.

శునకశాస్త్రి
గోపీ, నీకు సగమే తెలుసు. కాగితం అడగకూడదు, నిజమే. కానీ రెండు ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఇది ఏ పని చెయ్యడానికి ట్రైనింగ్ తీసుకుంది? రెండోదానికి "పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అంటే చెల్లదు, అది ఎమోషనల్ సపోర్ట్ కిందికి పోతుంది. ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) కింద దాన్ని సర్వీస్ డాగ్‌గా లెక్కపెట్టరు. 2021 నుంచి విమానాల్లో కూడా ఆ మినహాయింపు ఎత్తేశారు. వెస్టుకి చట్టంలో విలువే లేదు. "రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్" అని అమ్మేవన్నీ ఉత్త కాగితాలు, ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఒకటి లేనే లేదు. నిజం సర్వీస్ డాగ్ అయినా అదుపులో లేకపోతే బయటికి పంపొచ్చు. నెవాడాలో దొంగ సర్వీస్ డాగ్ మిస్‌డిమీనర్, అంటే చిన్నపాటి నేరం, 500 డాలర్ల దాకా జరిమానా.

గేమ్_ఆన్_గోపి
ఓహో, లాయర్ కూడానా మీరు? మూడు రాష్ట్రాల్లో ట్రైనింగ్ ఇచ్చిన సర్టిఫికెట్ ఎవరిచ్చారు సార్ మీకు? అది మాత్రం ఉత్త కాగితం కాదా?

శునకశాస్త్రి
నా దగ్గర నేర్చుకున్న కుక్కలు నీకంటే మర్యాదగా మాట్లాడతాయి.

ప్లేనో_పద్మజ
నేను అడిగింది ఒకటే, లింక్ పెట్టకండి అని.

అరిజోనా_అల్లుడు
నేను జోక్ చేశానండీ పద్మజగారూ. సారీ. పగ్‌కి సర్వీస్ వెస్ట్ వేస్తే నమ్మేవాడెవడు.

కూకట్‌పల్లి_కిట్టు
అన్నా, మీరు వేగాస్ అంటున్రు, నాది గోవా. మాది దేశీ కుక్క, పేరు రాజా. ఫ్రెండ్సంతా మాండవి మీద ఆ క్యాసినో బోట్లకి పోదామంటున్రు. రాజాని బోటెక్కనియ్యరని నాకు తెల్సు, అది అడుగుతలేను. ట్రైన్ల ఎట్ల తీస్కపోవాల? థర్డ్ ఏసీ టికెట్లు బుక్ చేసిన.

హెండర్సన్_హరిత
కిట్టూ, థర్డ్ ఏసీలో ఎక్కనివ్వరు. సెకండ్ ఏసీలో కూడా. ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉంటేనే. లేదంటే గార్డు దగ్గర బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్. ఆ డబ్బాలో రాత్రంతా పెట్టకు తమ్ముడూ, మా నాన్న 90ల్లో మా టైగర్‌ని అలా పంపించారు, దిగాక రెండు రోజులు అన్నం ముట్టలేదది.

కూకట్‌పల్లి_కిట్టు
ఫస్ట్ ఏసీ రేటు జూసిన అక్కా. రాజా ఇంటికాడనే ఉంటడు, అమ్మమ్మ తోని.

సియాటెల్_సుబ్బు
పనిలో పని, హైదరాబాద్ నుంచి కుక్కని అమెరికా తెచ్చుకున్నవాళ్ళున్నారా? 2024 ఆగస్టు నుంచి రూల్స్ మారాయట. మా కుక్కపిల్లకి నాలుగో నెల.

శునకశాస్త్రి
ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఇండియా రేబిస్ హై రిస్క్ లిస్టులో ఉంది కాబట్టి రక్త పరీక్ష, సీడీసీ (అమెరికా ఆరోగ్య సంస్థ) ఒప్పుకున్న ఎయిర్‌పోర్టు, ఇంకా చాలా ఉంది. విడిగా థ్రెడ్ పెట్టు, ఇక్కడ కాదు.

కెమెరా_కాంతారావు
నా బాధ హోటల్ది కాదండి. దారిది. ఫీనిక్స్ నుంచి వేగాస్ వెళ్తూ దారిలోనే కదాని హూవర్ డ్యామ్ దగ్గర ఆగాం. డ్యామ్ మీదికి పెంపుడు జంతువులు రాకూడదు. ముందు చూసుకోలేదు, నాదే తప్పు. మా ఆవిడ కుక్కతో కార్లో ఏసీ వేసుకుని కూర్చుంది, నేను "ఒక్క పది నిమిషాలు" అని వెళ్ళి గంట ఫోటోలు తీశాను. ఆరేళ్ళయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఏ వాదన మొదలైనా హూవర్ డ్యామ్ దగ్గరే ముగుస్తుంది. నడవాలనుంటే రెడ్ రాక్ కాన్యన్‌కి వెళ్ళండి, లీష్ ఉంటే చాలు. అక్టోబర్ నుంచి మే దాకా సీనిక్ డ్రైవ్‌కి టైమ్ ముందే బుక్ చేసుకోవాలి. వ్యాలీ ఆఫ్ ఫైర్ కూడా పర్లేదు.

గేమ్_ఆన్_గోపి
హూవర్ డ్యామ్‌కి కూడా వెస్ట్ వేస్తే... సరే సరే, ఏం అనను.

హెండర్సన్_హరిత
డిసెంబర్ కాబట్టి సరిపోయింది. జులైలో ఇలాంటి ప్లాన్ ఎవరైనా వేస్తే ఒక్కటే పరీక్ష: ఫుట్‌పాత్ మీద అరచేయి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే కుక్క కూడా నడవలేదు. 2024 జులై 7న ఇక్కడ 120 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది, ఊరి రికార్డు. ఆ వారం మా వీధిలో ఒక కుర్రాడు తన పిట్‌బుల్‌ని చంటిపిల్లలా భుజాన వేసుకుని రోడ్డు దాటించడం చూశాను. ఒక కాలి అడుగున చర్మం అప్పటికే లేచిపోయి ఉంది.

చిట్టిగాడి_నాన్న
అందరికీ థాంక్స్. వెళ్ళొచ్చాం. నాలుగు ప్రశ్నలడిగితే రెండున్నరకి జవాబొచ్చింది, పర్లేదు.

ముందే ఫోన్ చేసి 62 అని నిజం చెప్పాం. ఒకచోట కుదరదన్నారు, ఇంకోచోట ఒప్పుకున్నారు. అక్కడ ఎవరూ తూచలేదు. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి కౌంటర్ మీంచి వంగి చూసి ఎంతుంటుందని అడిగితే, నేను నోరు తెరిచేలోపు మా అమ్మ "సిక్స్టీ టూ" అంది, నా టెన్త్ మార్కులు చెప్పినప్పటి గొంతుతో.

దారిలో బేకర్ అనే ఊళ్ళో ఉన్న 134 అడుగుల థర్మామీటర్ కింద ఆగాం. నాన్న అది పనిచేస్తుందా అని పది నిమిషాలు కిందనుంచి తనిఖీ చేశారు.

శాస్త్రిగారూ, గడ్డి పలక కొన్నాం, ట్రేలో పెట్టాం, ఇంట్లో రెండు వారాలు అలవాటు చేశాం. హోటల్ బాత్రూంలో పెడితే చిట్టి దాన్ని వాసన చూసి, దాని మీద చుట్టచుట్టుకుని నిద్రపోయాడు. తెల్లారుజామున నాలుగున్నరకి అమ్మే శాలువా కప్పుకుని కిందికి తీసుకెళ్ళింది, ఆ ప్లాస్టిక్ గడ్డి దగ్గరికే. నేను వెనకే వెళ్ళా. పది నిమిషాలు వాడు కదల్లేదు. అమ్మ వాడి పక్కన గొంతుక్కూర్చుని, చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టి అన్నట్టే "ఉస్... కానియ్యి నాన్నా, కానియ్యి" అంది. అయిపోయింది. పక్కన పూడిల్‌తో నిలబడ్డ పెద్దాయన ఆ మంత్రం ఏ భాష అని అడిగాడు.

షోకి నాన్న రాలేదు. చిట్టికి తోడుంటానన్నారు. మేం తిరిగొచ్చేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కింద కార్లు చూస్తున్నారు. మాకంటే వాళ్ళకే బాగా గడిచిందని నా అనుమానం.

మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనే చెప్తున్నా. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా పట్టుకెళ్ళాం. మూడు రోజులూ అమ్మ గదిలోనే వండుకుంది.

అరిజోనా_అల్లుడు
హోటల్ గదిలో రైస్ కుక్కరా?? ఫీజు వెయ్యలేదా?

హెండర్సన్_హరిత
ఆవకాయలో వెల్లుల్లి ఉండదా?

చిట్టిగాడి_నాన్న
మా ఇంట్లో వెయ్యరండీ.

కెమెరా_కాంతారావు
వెల్లుల్లి లేకుండా ఆవకాయేంటండీ బాబూ, ఏ ఊరు మీది?

శునకశాస్త్రి
ఆవకాయ గురించి నన్నడగండి. మా మేనత్త వాళ్ళది నూజివీడు.