స్విచ్ సిస్ట్ లైట్ పచ్చగా ఉంది, ఆర్‌పీఎస్ లైట్ ఆరెంజ్‌లో బ్లింక్ అవుతోంది: రీబూట్ చేయొచ్చా?

వైట్‌ఫీల్డ్_ర్యాక్
సిస్కో కాటలిస్ట్ 2960 నెట్‌వర్క్ స్విచ్, 48 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే) మోడల్, పక్కన ఆర్‌పీఎస్ (బ్యాకప్ పవర్ బాక్స్) ఉంది. బిల్డింగ్‌లో కరెంటు పోయి వచ్చాక సిస్ట్ లైట్ పచ్చగానే ఉంది కానీ ఆర్‌పీఎస్ లైట్ ఆరెంజ్‌లో బ్లింక్ అవుతోంది. 31, 32 పోర్టులు పచ్చ, ఆరెంజ్ మార్చి మార్చి వెలుగుతున్నాయి. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుందా?

కోరమంగల_కన్సోల్
ఇప్పుడే ఆఫ్ చేయకండి అన్నా. ఆ బ్లింక్‌కి అర్థం లోపలి పవర్ సప్లై పనిచేయడం లేదు, స్విచ్ మొత్తం ఆర్‌పీఎస్ మీదే నడుస్తోంది అని. ఆర్‌పీఎస్ కేబుల్ లాగితే ఫ్లోర్ అంతా డౌన్. సిస్ట్ పచ్చగా ఉంది కదా అని ధీమా వద్దు, స్విచ్ నడుస్తోందనే అది చెప్పేది. కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు.

ముందు కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్‌ని స్విచ్‌కి కలిపేది) పెట్టి షో లాగింగ్, షో ఎన్వ్ ఆల్ కమాండ్లు రెండూ చూపించేది కాపీ చేసుకోండి. బఫర్‌లో ఉన్న లాగ్ రీబూట్‌తో పోతుంది. తర్వాత స్విచ్ పవర్ కార్డ్ వెళ్ళే సాకెట్‌ని టెస్టర్‌తో చూడండి. స్విచ్‌కీ ఆర్‌పీఎస్‌కీ వేర్వేరు లైన్లు ఇచ్చి ఉంటే ఒక ఎంసీబీ మాత్రమే పడిపోయి ఉండొచ్చు. సాకెట్‌లో కరెంటు ఉండి, కార్డ్ మార్చినా అదే బ్లింక్ ఉంటే సప్లై పోయినట్టే. ఈ మోడల్‌లో సప్లైని విడిగా ఊడదీసి మార్చలేం, స్విచ్చే మార్చాలి. వేరే స్విచ్ సిద్ధం చేసుకున్నాకే దీన్ని ఆపండి.

పీఓఈ_పంతులు
31, 32 సంగతి చెప్పే ముందు ఒక ప్రశ్న: మోడ్ లైట్లలో (పోర్ట్ లైట్లు ఇప్పుడు దేన్ని చూపిస్తున్నాయో చెప్పేవి) ఏది వెలుగుతోంది? అది చూడకుండా పోర్ట్ రంగు చదివితే తప్పు దారి పడతారు. స్టాట్ మోడ్‌లో (పోర్ట్ లింక్ స్థితి చూపేది) పచ్చ–ఆరెంజ్ మార్పు అంటే లింక్ లోపం: సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోవడం), కొలిజన్లు (డేటా ఢీకొనడం) వగైరా. పీఓఈ మోడ్‌లో అదే మార్పు అంటే పవర్ ఇవ్వడానికి స్విచ్ ఒప్పుకోలేదని, బడ్జెట్ (పోర్టులన్నింటికీ కలిపి ఇవ్వగల పవర్) దాటిపోతుంది కాబట్టి. అక్కడ ఆరెంజ్ ఒక్కటే బ్లింక్ అయితే మాత్రం పోర్ట్‌లో ఫాల్ట్.

మోడ్ మార్చాలంటే మోడ్ బటన్‌ని నొక్కి వెంటనే వదిలేయండి. 3 సెకన్లు పట్టుకుంటే మోడ్ లైట్లు బ్లింక్ మొదలుపెడతాయి. 10 సెకన్లు పట్టుకుంటే కాన్ఫిగరేషన్ చెరిగిపోయి స్విచ్ రీబూట్ అవుతుంది. సెక్యూరిటీ వాళ్ళకీ హౌస్‌కీపింగ్ వాళ్ళకీ ఈ బటన్ చేతికందకుండా ర్యాక్‌కి తాళం వేయించండి.

వైట్‌ఫీల్డ్_ర్యాక్
పీఓఈ మోడ్‌లోనే ఉందండీ! ఆ రెండూ కెమెరాలు.

పీఓఈ_పంతులు
అయితే లెక్క చూడండి. బడ్జెట్ 370 వాట్లు. క్లాస్ (తనకి ఎంత పవర్ కావాలో) చెప్పని పరికరానికి 15.4 వాట్లు పక్కన పెడుతుంది, అది నిజంగా 5 వాట్లే తాగినా సరే. అలా 24 పరికరాలతో 369.6 అయిపోయింది, 25వ దానికి మిగలదు. షో పవర్ ఇన్‌లైన్ కమాండ్‌లో మిగిలిన వాట్లు కనిపిస్తాయి. కెమెరా లేబుల్ మీద గరిష్ఠం 6 వాట్లని ఉంటే, ఆ పోర్ట్‌లో పవర్ ఇన్‌లైన్ కన్సంప్షన్ 7000 అని పెట్టండి, ఈ అంకె మిల్లీవాట్లలో. లేబుల్ కంటే తక్కువ మాత్రం పెట్టకండి, అన్నీ ఒకేసారి లాగితే స్విచ్ మీద ఓవర్‌లోడ్ పడుతుంది.

మారతహళ్ళి_క్రింపర్
స్టాట్ మోడ్‌లో అదే పచ్చ–ఆరెంజ్ మార్పు కనిపించేవాళ్ళకి: క్లియర్ కౌంటర్స్ కమాండ్ కొట్టి, ప్యాచ్ కార్డ్ మార్చి, 10 నిమిషాలాగి సీఆర్‌సీ చూడండి. పెరుగుతూనే ఉంటే అదే కేబుల్‌ని ఖాళీ పోర్ట్‌లో పెట్టండి. అక్కడ పెరగకపోతే పాత పోర్ట్ మీదే అనుమానం. కొత్తగా కేబుల్ పెట్టగానే నిలకడగా ఆరెంజ్ వస్తే 30 సెకన్ల దాకా ఆగండి, ఎస్‌టీపీ అనే ప్రోటోకాల్ నెట్‌వర్క్‌లో లూప్ ఉందేమో వెతుకుతోంది. అప్పటికీ పచ్చబడకపోతే షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ కమాండ్‌లో ఎర్-డిసేబుల్డ్ (లోపం వల్ల స్విచ్ తానే ఆపేసిన పోర్ట్) అని ఉందేమో చూడండి.