డీశాంటిస్‌కి 2028 అధ్యక్ష ఎన్నికల్లో నిజంగా అవకాశం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్కారం. మేము ఫ్లోరిడాలో ఉంటున్నాం. ఈమధ్యే నాకు ఓటు వచ్చింది. ఇక్కడ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎన్నుకునే ఓటింగ్‌లో) ఓటు వేయాలంటే ముందే ఆ పార్టీ సభ్యులుగా నమోదై ఉండాలి కాబట్టి, రిపబ్లికన్ పార్టీలో చేరాలా వద్దా అని గట్టిగానే ఆలోచిస్తున్నాను.

నాకు అర్థం కానిది ఇదీ. 2022లో రిపబ్లికన్ పార్టీకి చెందిన రాన్ డీశాంటిస్ దాదాపు 19 శాతం ఆధిక్యంతో మళ్ళీ మా ఫ్లోరిడా గవర్నర్ అయ్యారు. ఇక ట్రంప్ తర్వాత ఈయనే అని అందరూ అన్నారు. 2024 అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి, రిపబ్లికన్ల ఓటింగ్ మొదట జరిగే అయోవాలో 99 కౌంటీలూ (జిల్లాల్లాంటివి) తిరిగారు, అక్కడి గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ మద్దతు కూడా ఇచ్చారు. తీరా 2024 జనవరిలో అక్కడి ఓటింగ్‌లో ట్రంప్‌కి 51 శాతం వస్తే ఈయనకి 21 శాతమే. ఆ తర్వాతి రాష్ట్రం న్యూహాంప్‌షైర్ ఓటింగ్‌కి ముందే తప్పుకున్నారు. అంత తిరిగినా జనం ఎందుకు కదల్లేదు? మనిషిలో లోపమా, ఎదురుగా ట్రంప్ ఉండటమేనా?

రీగన్ 1976లో పార్టీ అభ్యర్థిత్వం పోటీలో ఓడి 1980లో గెలిచారు, నిజమే. కానీ 2016 బరిలోకి దిగిన విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ మళ్ళీ అధ్యక్ష పోటీకి రానే లేదు. డీశాంటిస్ గవర్నర్ పదవి 2027 జనవరితో అయిపోతుంది. పదవి లేకుండా ఏడాదిపాటు విరాళాలు, వార్తల్లో పేరు నిలబెట్టుకోవడం సాధ్యమేనా? పైగా వాన్స్ ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. (ఆయన భార్య ఉషా చిలుకూరి వల్ల మనవాళ్ళ ఇళ్ళలో ఆయన మీద అభిమానం వేరు, అది పక్కన పెట్టి చెప్పండి.)

ముఖ్యంగా అయోవాలో ఉండి ఆ సభలకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కడ ఏం గమనించారో రాయగలరా?