హైజంప్‌కి ఏ క్రియ? దూకాడా, ఎగిరాడా, దాటాడా

రాజోలు నుంచి:
మా అబ్బాయి స్కూల్లో ఆటల పోటీల నివేదిక తెలుగులో రాయాలటండీ. 'ఎత్తు దూకుడు' అని రాశారు, చదివితే నోటికి అతకట్లేదు. వేరే మాట ఉందా?

భీమవరం నుంచి:
హైజంప్ అన్న పేరు అలాగే ఉంచేయండి, అందరికీ తెలిసిందే. 'దూకుడు' అంటే ఇవాళ దుడుకుతనమే గుర్తొస్తుంది. అసలు చూసుకోవాల్సింది క్రియ.

మన వైపు 'దూకు' అర్థమంతా విభక్తిలోనే ఉంది. 'కాలవలో దూకాడు' అంటే నీళ్లలో పడ్డాడు. 'బోదె దూకాడు' అంటే ఈ గట్టు మీంచి ఆ గట్టుకి చేరాడు. 'గోడ దూకాడు' అంటే, చేతులానించి ఎక్కి అవతల దిగినా చాలు. ఎంత ఎత్తుకు లేచాడన్నది ఈ మూడింట్లోనూ రాదు. హైజంప్‌లో లెక్క దానికే. '2 మీటర్లు దూకాడు' అని రాస్తే చదివేవాళ్లకి లాంగ్‌జంప్ అనిపిస్తుంది.

పైకి లేవడానికి మన మాట 'ఎగురు'. 'ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట' అన్న సామెతే సాక్ష్యం. 'ఉట్టికి దూకలేనమ్మ' అని ఎవరూ అనరు. ఆ 'కి' అందుకోవాల్సిన ఎత్తుని చూపిస్తోంది. కృష్ణాష్టమికి తాడు పట్టుకున్నవాళ్లు ఉట్టిని పైకి లాగేస్తుంటే, కింద కుర్రాడు కర్ర పట్టుకుని ఎగురుతాడు, దూకడు.

నరసాపురం నుంచి:
ఉట్టికైతే చెయ్యి అందితే చాలు కదండీ. హైజంప్‌లో మనిషి మొత్తం బార్ అవతల పడాలి. 'ఎగిరాడు' అంటే సగమే చెప్పినట్టు.

భీమవరం నుంచి:
మంచి మాట. అందుకే 'ఎగిరి దాటాడు' అందాం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ వెల్లకిలా ఎగిరి 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. తర్వాత ఆ పద్ధతే స్థిరపడిపోయింది. ఒంటికాలి మీద లేస్తారు. ముందు తల, భుజాలు, తర్వాత విల్లులా వంగిన నడుము, చివరికి మడమలు, ఒక్కొక్కటే బార్ మీదుగా వెళ్తాయి. ఒళ్లంతా ఒకేసారి బార్ పైన ఉండదు కాబట్టి గరిమనాభి (ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) బార్ కిందుగా పోయినా మనిషి దాటగలడు. ఈ వరస 'దూకాడు'లో కనబడదు, 'దాటాడు'లో ఇముడుతుంది. ఒళ్లు తగిలి బార్ ఊగినా, పడకపోతే దాటినట్టే లెక్క.

'లంఘించాడు' కూడా ఉందిగానీ, పిల్లల నివేదికకి బరువెక్కువ.

వాక్యాలు ఇలా రాయొచ్చు: '1993లో క్యూబా ఆటగాడు హవియెర్ సోటోమేయర్ 2.45 మీటర్ల ఎత్తు దాటాడు.' '2018లో మన తేజస్విన్ శంకర్ 2.29 మీటర్ల ఎత్తు దాటాడు.'

ఇంకోటి. మీ అబ్బాయి స్కూల్లో ఫోమ్ పరుపు లేకుండా ఇసుక గుంటే ఉంటే వెల్లకిలా ఎగరనివ్వకండి, మెడకి ప్రమాదం. ఒక కాలు తర్వాత ఇంకో కాలు బార్ మీదుగా వేసి, కాళ్ల మీదే దిగే కత్తెర పద్ధతి నేర్పించమనండి. నివేదికలో మాత్రం 'ఎగిరి దాటాడు' అనే రాయండి, ఏ పద్ధతికైనా సరిపోతుంది.