ఇరవై ఏళ్ళు బతికే పక్షి, పంతొమ్మిదేళ్ళ నేను

పర్లాకిమిడి_పిల్ల:
మా పక్క వాటాలో వాళ్ళు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ చిలుక జాతి చిన్న పక్షి కాకటీల్‌ను పంజరంతో సహా మెట్ల కింద వదిలేశారు. పది రోజులుగా మా ఇంట్లోనే ఉంది. బూడిద రంగు ఒళ్ళు, పసుపు జుట్టు, బుగ్గ మీద నారింజ చుక్క. రొమ్ము మీద ఈకలు తనే పీకేసుకుంది. నేను డిగ్రీ రెండో ఏడు. ఉంచేసుకుంటానంటే, "రేపు ఉద్యోగమని వైజాగ్ పోతావు, దాని రెట్టలు ఎత్తేది నేనా?" అంటోంది అమ్మ. మీరేమంటారు?

బరంపురం_బాబాయ్:
మీ అమ్మగారి మాటే నా మాట. బాగా చూసుకుంటే కాకటీల్ 15–20 ఏళ్ళు బతుకుతుంది. అప్పటికి నీకు నలభై దగ్గర పడతాయి తల్లీ. మధ్యలో హాస్టల్, ఉద్యోగం, పెళ్ళి. అత్తారింటికి పంజరం పట్టుకెళ్తావా? పక్షులు పెంచిన అనుభవం ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్.

గుణుపురం_గువ్వ:
అబ్బాయైతే అత్తారింటి మాట ఎత్తేవారా బాబాయ్? అయినా దాన్ని మెట్ల కింద వదిలేసింది ఉద్యోగం, సంసారం ఉన్న పెద్దవాళ్ళేగా!
నేనూ ఇరవై ఏళ్ళప్పుడే ఇలాంటిదాన్ని తెచ్చుకున్నాను. పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏదీ ముట్టేది కాదు. అవి ఒట్టి కొవ్వు, విటమిన్ ఏ అందదు. రోజూ దాని ఎదురుగా కూర్చుని కొత్తిమీర నేను నమిలి చూపిస్తే, రెండు నెలలకి ఒక ఆకు కొరికింది. తురిమిన క్యారెట్ ఇప్పటికీ విసిరికొడుతుంది, అది వేరే కథ. ఓ రాత్రి కరెంటు పోతే చీకట్లో బెదిరి పంజరమంతా కొట్టుకుంది, రెక్క నుంచి రక్తం. అప్పట్నుంచి పక్కన ఛార్జింగ్ లైటు పెడుతున్నా. అన్నట్టు, పంజరం వంటింటి దగ్గర ఉంచకు. ఖాళీ నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగకి పక్షులు నిమిషాల్లో చచ్చిపోతాయి.

మహేంద్రతనయ_గట్టు:
ఇంత గొడవెందుకు? డాబా ఎక్కి వదిలేస్తే హాయిగా ఎగిరిపోతుందిగా.

రాయగడ_పశువైద్య_విద్యార్థి:
దయచేసి వదలకండి. అది ఆస్ట్రేలియా జాతి, ఇక్కడ దొరికేవి పంజరాల్లో పుట్టినవే. మేత వెతుక్కోవడం రాదు, కాకులు బతకనివ్వవు. రామచిలుక సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడమే నేరం, దెబ్బతిన్నది దొరికితే అటవీ శాఖకి అప్పగించాలి.
ఈకలు పీక్కోవడం బెంగ వల్లే అనుకోకండి. చర్మరోగం, పురుగులు, తిండి లోపం కూడా కావచ్చు. మన వైపు పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా ఆవులు, మేకలే వస్తాయి కాబట్టి పక్షుల్ని చూస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బరంపురం_బాబాయ్:
సరే, అత్తారింటి మాట వెనక్కి తీసుకున్నా. కానీ వైజాగ్‌లో ఏ పీజీ వాళ్ళు పంజరం రానిస్తారు? దానికి జవాబు చెప్పలేదు ఎవరూ.

పర్లాకిమిడి_పిల్ల:
నిజమే బాబాయ్. తమ్ముడు ఎనిమిదో తరగతి, వాడు ఇంకో నాలుగేళ్ళు ఇంట్లోనే ఉంటాడు. తర్వాత సంగతి నాకూ తెలియదు. డాక్టరు చూసేదాకా మాత్రం ఎవరికీ ఇవ్వను, అమ్మ కూడా అంతవరకు ఒప్పుకుంది. శనివారం పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం. బస్సులో పంజరం ఎక్కించుకుంటారా, ఎవరికైనా తెలుసా?